కామాక్షయ్య చేసిన గుండె గేజీలు

కామాక్షయ్యది తుమ్మలపెంట. సముద్రాన్ని నమ్ముకున్న ఇల్లు. కానీ పడవెక్కితే చాలు, అతనికి కడుపులో తిప్పి వాంతులయ్యేవి. నాలుగేళ్ళు చూసి వాళ్ళ నాయన విసిగిపోయాడు. "వీడు నీళ్ళ మీద పనికిరాడు. నేల మీద ఏదన్నా చూసుకోమనండి" అన్నాడు. అట్లా బిట్రగుంట లోకోషెడ్డులో కలాసీగా చేరి, ఏళ్ళ తరబడి బొగ్గూ మసీ మోసి, చివరికి టర్నరయ్యాడు. లేతు మిషను మీద ఇనుమునూ ఇత్తడినీ తిప్పి కొలతకు చెక్కే పని. ఆ పనిలో అతనికి మంచి పేరుంది. వెంట్రుక వాసి తేడా వచ్చినా ముక్క పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

మనిషికి మాత్రం కుదురు లేదు. పీట మీద కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉండేది. సెలవు రోజు ఇంట్లో ఉంటే తలుపు గొళ్ళెం విప్పి మళ్ళీ బిగించేవాడు. భార్య పోలేరమ్మ దానికి నవ్వేది. ఆమెది కూడా అదే ఊరు, వరసకు మేనమామ కూతురు. వలలు అల్లడంలో చెయ్యి తిరిగిన పిల్ల. రైల్వే క్వార్టర్సుకు వచ్చాక కూడా పుట్టింటివాళ్ళు పంపిన నూలుతో వరండాలో కూర్చుని వల అల్లుతూ ఉండేది.

మొదట అది జబ్బని ఎవరూ అనుకోలేదు. కూతురు పుట్టిన తరవాత ఆమె పంపు దగ్గరి నుంచి బిందె తెచ్చేటప్పుడు దారిలో రెండుసార్లు దించడం మొదలుపెట్టింది. తరవాత మూడుసార్లు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటం లేదని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. 1957 వానల్లో ఒకరోజు దగ్గి, కొంగుతో నోరు తుడుచుకుని చూసుకుంటే ఎర్రటి చార. రైల్వే డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విని, మద్రాసు పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చాడు.

అక్కడ గుండె ఆపరేషన్లు చేసే సర్జను పద్మనాభయ్య. కావలి పక్క పల్లెలో పుట్టినవాడు. ఇంగ్లండులో చదివి వచ్చినా మాటలో ఊరి యాస పోలేదు. కాగితం మీద పెన్సిలుతో బొమ్మ గీసి చూపించాడు.

"గుండెలో ఎడమ పక్క పైన ఒక గది, కింద ఒక గది. మధ్యలో వాకిలి. ఆ వాకిలికి రెండు రెక్కలు. తెరుచుకుంటే నెత్తురు కిందికి దిగుతుంది. మూసుకుంటే వెనక్కి రాదు. ఈమెకు చిన్నప్పుడు కీళ్ళు వాచి జొరం ఏమన్నా వచ్చిందా?"

"వచ్చినాది సార్. పదేళ్ళప్పుడు. నెల రోజులు లేవలేదు" అన్నాడు కామాక్షయ్య.

"ఆ జొరమే ఇదంతా చేసింది. కీళ్ళలో తగ్గింది గానీ గుండెను కొరికి పోయింది. రెక్కలు రెండూ కలిసే మూలలు అతుక్కుపోయినాయి. రూపాయి బిళ్ళంత ఉండాల్సిన సందు, ఇప్పుడు చొక్కా కాజా అంత ఉంది."

కామాక్షయ్య బొమ్మను తన వైపు తిప్పుకుని చూశాడు. "ఇంజన్లో క్లాక్ వాల్వు ఉంటాది సార్. బాయిలరుకు నీళ్ళు పోవాల, వెనక్కి రాకూడదు. అట్టాంటిదేనా?"

"అట్టాంటిదే. కాకపోతే దీన్ని ఆపి బాగుచేసే వీలు లేదు. నడుస్తుండగానే చెయ్యాల."

1958 జనవరిలో ఆపరేషను చేశారు. ఎడమ పక్క పక్కటెముకల మధ్య తెరిచి, గుండె పై గది అంచున సంచిలాగా ఉండే చోట చిన్న గాటు పెట్టి, అందులోంచి సర్జను చూపుడు వేలు లోపలికి పోనిచ్చాడు. కంటికి ఏమీ కనిపించదు. వేలి కొసకు తగిలిందే లెక్క. అతుక్కున్న మూలలను ఆ వేలితోనే విడదీశాడు. పోలేరమ్మ పదహారో రోజున మెట్లు దిగింది. ఎక్కడా ఆగలేదు.

ఇంటికి పంపే రోజున కామాక్షయ్య డాక్టరు గది ముందు అటూ ఇటూ తిరుగుతూ, పిలవకుండానే లోపలికి పోయాడు.

"ఎంత తెరిచినారు సార్?"

"రెండు వేళ్ళు పట్టేంత."

"ఎవురి వేళ్ళు?"

డాక్టరు తల ఎత్తాడు. కామాక్షయ్య ఎగతాళికి అడగలేదు. షెడ్డులో ఎవరన్నా రంధ్రం బొటనవేలంత ఉందని చెబితే అతను ఒప్పుకునేవాడు కాదు, అంతే. డాక్టరు తన చేతిని ఒకసారి చూసుకుని, "మంచి ప్రశ్నే అడిగినావు. కూర్చో" అన్నాడు.

ఆ రోజు ఆయన రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, మనిషి మనిషికీ ఆ వాకిలి కొలత వేరు, అసలు ఎంతుంటుందో సరిగా కొలిచినవాళ్ళు తక్కువ. చనిపోయినవాళ్ళ గుండెలు కొన్ని ఆసుపత్రిలో మందునీళ్ళలో దాచి ఉన్నాయి, వాటిని కొలవాలని తనకెప్పటినుంచో ఉంది. రెండోది చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. "మీ ఆవిడకు ఇప్పుడు బాగుంది. ఎన్నాళ్ళుంటుందో నేను చెప్పలేను. కొందరికి ఏడెనిమిదేళ్ళకు మళ్ళీ అతుక్కుంటుంది. కొందరికి లీకవుతుంది. అట్టా అయితే ఇంకోసారి తెరవాల. ఈ సంగతి ఆమెతో చెప్పేదీ లేందీ నీ ఇష్టం."

కామాక్షయ్య చెప్పలేదు. రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుని, ఇన్నేళ్ళ తరవాత రొయ్యల పులుసు తినాలనిపిస్తోందని అంటుంటే ఎట్లా చెబుతాడు? తరవాత చెబుదామనుకున్నాడు. ఆ తరవాత రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

షెడ్డు ఫోర్‌మన్ హజరత్తయ్యకు డాక్టరు స్వయంగా ఉత్తరం రాశాడు. కొలత గేజీలు కొన్ని కావాలి, లోహం నేను పంపుతాను, మీ టర్నరును భోజన విరామంలో మిషను వాడుకోనిస్తే రోగులకు మేలు జరుగుతుందని. హజరత్తయ్య ఉత్తరం రెండుసార్లు చదివి, పైవాళ్ళ అనుమతి తెప్పించి, "నీ ముద్ద తినే టైము నీది. మిషను మాత్రం శుభ్రంగా తుడిచిపెట్టు" అన్నాడు.

మొదట ఇత్తడితో పన్నెండు గుండ్రటి గేజీలు చేశాడు. ఒక్కొక్కటీ పక్కదానికంటే రెండు మిల్లీమీటర్లు పెద్దది, వెనక పొడుగు పిడి. ఆదివారం మద్రాసు ప్యాసింజరెక్కి, వాటిని టిఫిన్ క్యారియర్లో పెట్టుకుని పోయాడు. వార్డు సిస్టరు రెబెక్కమ్మ అతన్ని గుండెలు దాచిన గదికి తీసుకుపోయింది. నెల్లూరు మనిషి, నలభై దాటినామె. "చూసి భయపడొద్దు అన్నా" అంది. అతను భయపడలేదు. ముక్కు మండే మందు వాసనలో, పళ్ళెంలో పెట్టిన పిడికిలంత గుండెను డాక్టరు విప్పి చూపిస్తుంటే, ఒంగి రెప్ప వాల్చకుండా చూశాడు.

రెక్కలు మరీ పల్చగా ఉన్నాయి. వాటి అంచుల నుంచి తెల్లటి దారాలు దిగి కింద కండరపు మొనలకు కట్టుకుని ఉన్నాయి. రెక్కలు పైకి ఎగిరిపోకుండా పట్టి ఉంచేవి అవేనన్నాడు డాక్టరు. ముందు రెక్క పెద్దది, వెనకది పొట్టిదిగానీ చుట్టూ ఎక్కువ దూరం పాకి ఉంది. కామాక్షయ్య తన గేజీ ఒకటి వాకిట్లో పెట్టాడు. మధ్యలో బిగిసింది, రెండు మూలల్లోనూ సందు మిగిలింది. దానికంటే పెద్దది పెడితే మధ్యలో రెక్క లాక్కుపోయింది.

"ఇది గుండ్రంగా లేదు సార్."

"లేదు" అన్నాడు డాక్టరు. "ముందు పక్క దాదాపు తిన్నగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది. వెనక పక్క వంపు. అదీ మెత్తన. సాగితే వెనకే సాగుతుంది."

"తెలిసీ నా చేత గుండ్రటివి పన్నెండు చేయించినారా?"

"బొమ్మల్లో అట్టా ఉంటుంది. చేత్తో పెట్టి చూసేదాకా నాకూ నమ్మకం కుదరలేదు."

ఆ పన్నెండూ పక్కన పెట్టేశారు. తిన్నటి పక్కా వంపు పక్కా ఉన్న గేజీ లేతు మీద తిరగదు. ఆకురాయితో చేత్తో అరగదీయాలి. మైనంతో అచ్చు తీసి, కాగితం మీద గీసుకుని, ఒక్కొక్కటీ ఇంట్లో కూర్చుని నెలల తరబడి చేశాడు. ఆపరేషనుకు వాడేముందు నీళ్ళలో మరగబెడితే ఇత్తడికి మచ్చలొస్తాయని డాక్టరు స్టెయిన్‌లెస్ స్టీలు పంపించాడు. అది అరగడానికి ఇత్తడికి మూడింతలు పట్టేది. వేళ్ళ కొసలు పగిలిపోయేవి. నెలకో ఆదివారం మద్రాసు. పళ్ళెంలో గుండె. కొలత, తప్పు, మళ్ళీ ఇల్లు. 1964 నాటికి నూటికి పైగా గుండెలు కొలిచారు. ముందు రెక్క వెడల్పు పట్టుకుంటే వాకిలి ఎంతుండాలో చెప్పొచ్చని వాళ్ళకొక అంచనా దొరికింది. తొమ్మిది గేజీలు మిగిలాయి.

ఇంట్లో పోలేరమ్మకు ఇదంతా ఏందో అంతుపట్టలేదు. "నాకు బాగయింది గదా. ఇంకెవురి గుండె కోసరం తిరగతావుండావు మామా?" అని అడిగేది. "డాక్టరుగారి రుణం తీర్చుకోవద్దా" అనేవాడు. అది అబద్ధం కాదు. కానీ తెల్లవారుజామున ఆమె ఇంకా నిద్రలో ఉండగా అతను మెల్లగా ఒంగి ఆమె వీపుకు చెవి ఆనించేవాడు. ఇంజను ఎక్కడ అరుగుతోందో చప్పుడుతో పట్టడం అతనికి తెలుసు. కొన్నేళ్ళు ఏమీ వినిపించలేదు. 1965 చలికాలంలో ఒకరోజు దబ్ దబ్‌మనే చోట, మధ్యలో ఆవిరి చిమ్మినట్టు చిన్న శబ్దం వినిపించింది. లేచి బయటికిపోయి, స్టేషనుదాకా నడిచి, పనేమీ లేకపోయినా మళ్ళీ వెనక్కి నడిచి వచ్చాడు.

ఆరు నెలలకు ఆమెకే తెలిసింది. బిందె మళ్ళీ దారిలో దించుతోంది. కాళ్ళు వాస్తున్నాయి. మద్రాసు తీసుకుపోయాడు. పరీక్షలు చేసి, వాకిలి అతుక్కోలేదు, ఈసారి సరిగ్గా మూసుకోవడం లేదన్నారు. వాకిలి వెనక పక్క సాగిపోయి, రెక్కలు ఒకదాన్నొకటి అందుకోవడం లేదు. నెత్తురు వెనక్కి తన్నుతోంది. డాక్టరు పద్మనాభయ్య ఆమెతోనే చెప్పాడు. "ఆనాడు నా వేలు ఒక పిసరు ఎక్కువ విడదీసిందో, జబ్బే తినేసిందో నేను చెప్పలేనమ్మా. చెప్పగలిగితే చెప్పేవాణ్ణి."

వార్డులో రక్తం తీస్తూ రెబెక్కమ్మ ఓదార్పుగా అంది. "నువ్వేం దిగులు పడొద్దు అక్కా. ఇది ఎప్పుడో ఒకప్పుడు వస్తాదని ముందే అనుకున్నదే గదా. ఆ రోజుకోసరమే గదా అన్న ఇన్నేళ్ళు ఆ గేజీలు చేసింది."

సాయంత్రం కామాక్షయ్య వచ్చి మంచం అంచున కూర్చున్నాక పోలేరమ్మ అడిగింది.

"నీకు ముందే తెలుసునా?"

అతని మోకాలు ఆడటం ఆగింది. "తెలుసు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి ఆపరేషనప్పటి నుంచి."

"ఎనిమిదేళ్ళు." ఆమె గొంతు పెద్దది చేయలేదు. "ఎనిమిదేళ్ళు నేను బాగుండానని సంబరంగా తిరిగినాను. నువ్వేమో నన్ను ఇంజను మాదిరి వింటా ఉండావు. నేను మేలుకొనే ఉండేదాన్ని మామా. ఏందో ముద్దు చేస్తుండావనుకున్నాను."

అతను లేచి వార్డు బయట వరండాలోకి పోయాడు.

మర్నాడు ఆమె ఆపరేషను వద్దంది. తుమ్మలపెంటకు, అమ్మ దగ్గరికి పోయి కూర్చుంది. సముద్రపు గాలి తగిలితే కాస్త ఊపిరి ఆడినట్టుండేది. అది గాలి మహిమ కాదని ఆమెకూ తెలుసు. కామాక్షయ్య డ్యూటీ దిగగానే సైకిలెక్కి కావలి మీదుగా తుమ్మలపెంట పోవడం, ఆమె మాట్లాడకపోతే ఇసకలో కాసేపు తిరిగి తెల్లారేలోగా బిట్రగుంట చేరడం. రెండు నెలలు ఇట్లాగే గడిచాయి. షెడ్డులో లేతు మీద రెండు ఇత్తడి బుష్షులు చెడగొట్టాడు. హజరత్తయ్య వాటిని తుక్కులో వేయించాడు.

ఒకరోజు పోలేరమ్మే నోరు విప్పింది. వల అల్లుతూ, తల ఎత్తకుండా, "ఆ గుండెలు నువ్వు చూసినావు, డాక్టరు చూసినాడు. జబ్బు నాది. నాకెందుకు చూపించలేదు?" అంది.

వాళ్ళు మద్రాసు పోయి అడిగితే డాక్టరు మొదట తటపటాయించాడు. ఆపరేషను కావలసినవాళ్ళకు అట్లాంటివి చూపించరు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. చివరికి పళ్ళెం తెప్పించాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. వాకిలి ఎక్కడో, రెక్కలేవో, దారాలేవో తనే వేలితో చూపిస్తూ అడిగింది.

"ఇప్పుడు నాకు ఏం చేస్తారు?"

"ఈసారి నెత్తురు తిప్పే మిషను పెట్టి గుండెను ఆపుతాం. కళ్ళతో చూసి చేస్తాం. సాగిన వెనక పక్కన రెండు మూలల్లోనూ కుట్లు వేసి ముడుస్తాం."

"ఎంత ముడవాలో ఎట్టా తెలుస్తుంది? వల మూతి తాడు లాగితే ముడుచుకుంటాది. ఎక్కువ లాగితే చేప లోపలికే రాదు."

డాక్టరు గేజీలున్న పెట్టె తెరిచాడు. "నీ ముందు రెక్క వెడల్పుకు సరిపోయే గేజీ తీసుకుంటాం. దాన్ని వాకిట్లో పెట్టి, దాని చుట్టూ సరిపోయేదాకా ముడుస్తాం. అంతకంటే బిగించం."

ఆమె ఒక గేజీ చేతిలోకి తీసుకుంది. అద్దంలాగా మెరుస్తోంది. అంచు మీద బొటనవేలు నడిపించింది. ఎక్కడా గరుకు లేదు. ఇంట్లో ఆరేళ్ళు ఆ ఆకురాయి చప్పుడు విని చిరాకుపడిన మనిషి, ఆ ముక్కను మొదటిసారి ముట్టుకుంది.

"దీంతో ఎంతమందికి చేసినారు?"

"ముగ్గురికి. ఇద్దరు బతికినారు."

"సరే" అంది పోలేరమ్మ. గది బయటికి వచ్చాక కామాక్షయ్యతో అంది. "చేయించుకుంటాను. కానీ ఆ రోజు నువ్వు ఈడ ఉండొద్దు. నువ్వు గుమ్మంలో తిరుగుతుంటే నాకు గుండె దడ. డ్యూటీకి పో. అయినాక వద్దువు."

1967 మార్చిలో, ఒక బుధవారం. అతను మాట తప్పలేదు, మాట మీద నిలవనూ లేకపోయాడు. పొద్దున షెడ్డుకు పోయి లేతు ముందు నిలబడ్డాడు. మిషను తిరుగుతుండగానే ముక్క విప్పబోతుంటే హజరత్తయ్య చూసి, "మిషను ఆపు. ఈరోజు నువ్వు వేలు కోసుకుంటావు" అని పంపేశాడు. స్టేషనుకు పోయి మద్రాసు బండెక్కాడు. ఉండొద్దన్న మాట గుర్తొచ్చి గూడూరులో దిగిపోయాడు. ప్లాట్‌ఫాం ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్నిసార్లు నడిచాడో లెక్కలేదు. వెనక్కి పోయే బండెక్కి నెల్లూరులో దిగాడు. పెన్న వంతెన కనిపించేదాకా నడిచాడు. మళ్ళీ మద్రాసు వైపు బండెక్కాడు. టిక్కెట్టు కలెక్టరు పాసు చూసి, "ఎక్కడికయ్యా పోతున్నావు?" అనడిగితే "గూడూరు" అని, అక్కడే దిగాడు.

సాయంత్రం అయిదింటికి గూడూరు స్టేషనుమాస్టరు గదిలో బతిమాలి ఆసుపత్రికి ఫోను చేయించాడు. లైను కలవడానికి ముప్పావుగంట పట్టింది. ఆ వైపు రెబెక్కమ్మ గొంతు.

"మెలకువ వచ్చింది అన్నా. గుండె తనంతట తనే కొట్టుకుంటా ఉండాది. ముప్ఫై రెండు మిల్లీమీటర్ల గేజీ సరిపోయిందని డాక్టరుగారు చెప్పమన్నారు. లీకు మొత్తం పోలేదంట. శానా తగ్గిందంట."

"మొత్తం పోలేదా?"

"అన్నా, మనిషి బతికుండాది. ముందు అది విను."

ఆ గదిలోనే, బల్ల పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. స్టేషనుమాస్టరు ఎవరికి ఏమయిందని అడగకుండానే మంచినీళ్ళిచ్చాడు.

పోలేరమ్మ కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మునుపటంత బలం రాలేదు. బిందె మోయడం కూతురు పనయింది. ఆమె వల అల్లింది, వండింది, స్టేషనుదాకా ఆగకుండా నడిచింది. కామాక్షయ్య మీద కోపం ఒక్కసారిగా పోలేదు. ఒక్కోరోజు ఉన్నట్టుండి అనేది. "ఇంకేమన్నా దాచినావా?" అతను లేదనేవాడు. ఆమె ముఖంలోకి చూసి, నమ్మినట్టో నమ్మనట్టో పని చేసుకునేది. డాక్టరు ఏ కాగితం పంపినా ముందు ఆమెకు చదివి వినిపించడం అలవాటు చేసుకున్నాడు. వీపుకు చెవి పెట్టడం మానేశాడు. మానడం అతనికి చాలా కష్టమయింది.

రెండేళ్ళ తరవాత, 1969 వేసవిలో, నాయుడుపేట పక్కనుంచి పిచ్చమ్మ అనే పాతికేళ్ళామె అన్నతో కలిసి క్వార్టర్సు వెతుక్కుంటూ వచ్చింది. గుండె ఆపరేషనంటే భయపడి ఆసుపత్రి నుంచి రెండుసార్లు వెనక్కి వచ్చేసిందట. డాక్టరు పద్మనాభయ్య, "నన్ను అడిగింది చాలు, బిట్రగుంటలో ఒకామెను అడుగు" అని పంపాడట. కామాక్షయ్య సంతోషంగా గేజీల గురించి మొదలుపెట్టాడు. పిచ్చమ్మ ముఖం ఇంకా పాలిపోయింది.

"మామా, నువ్వు ఈ అబ్బయ్యను తీసుకుని అట్టా టీకొట్టు దాకా పోయిరా" అంది పోలేరమ్మ.

వాళ్ళిద్దరూ బయటికి పోయాక తలుపు దగ్గరగా వేసి, రవిక పక్కకు జరిపి మచ్చలు రెండూ చూపించింది. ఎడమ పక్కటెముకల కింద పాతది, రొమ్ము మధ్యన కొత్తది. "ముట్టుకో, ఏం కాదు" అంది. నొప్పి ఎన్ని రోజులుంటుందో, గొంతులో గొట్టం తీసినప్పుడు ఎట్లా ఉంటుందో, ముగ్గురిలో ఒకరు పోయారన్న సంగతీ, తనకు ఇప్పటికీ మేడమెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందన్న సంగతీ, ఏదీ వదలకుండా చెప్పింది. పిచ్చమ్మ ఏడ్చింది. తరవాత అన్నం తింది.

వాళ్ళను మధ్యాహ్నం మద్రాసు బండి ఎక్కించడానికి నలుగురూ స్టేషనుకు నడిచారు. కామాక్షయ్య ముందు ముందు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, బండి వస్తోందని చెప్పి మళ్ళీ ముందుకు పోయాడు. పిచ్చమ్మ బండి ఎక్కి, కిటికీలోంచి వంగి అడిగింది.

"అక్కా, నాతో ఆసుపత్రి దాకా రాగూడదా?"

పోలేరమ్మ మొగుడి వైపు చూసింది. అతను అప్పటికే ఆమెకు టిక్కెట్టు తేవడానికి బుకింగు కిటికీ వైపు పరుగెత్తుతున్నాడు.